కళ్లు తెరిచి నిద్రపోవలెను

పిల్లల్ని నిద్రపుచ్చడం పైడమ్మకి చేతకాదని శిశు సంరక్షణ మండలి వారు కనిపెట్టేసరికి ఆవిడ ఆ పనిలో ముప్ఫై ఒక్క ఏళ్లు పూర్తి చేసింది. ఇందులో వింతేమీ లేదు. కొన్ని నిజాలు బయటపడడానికి ఆ మాత్రం వ్యవధి పడుతుంది, పైగా తగిన యంత్రం కూడా ఉండాలి. ఆ యంత్రం లేకపోవడం చేత పైడమ్మ ఇన్నాళ్లూ నెగ్గుకొచ్చిందన్నమాట.

బూరెలవలస గోనెసంచుల మిల్లు గేటు పక్కన రెండు గదుల పెంకుటింట్లో ఉంటుంది ఆ శిశు సంరక్షణ కేంద్రం. మిల్లులో పనిచేసే ఆడవాళ్లు పొద్దున్న ఎనిమిదింటికి పిల్లల్ని అక్కడ దింపి, పదకొండింటికోసారీ మూడింటికోసారీ పరిగెత్తుకొచ్చి పాలిచ్చి, సాయంత్రం ఐదింటికి చంకనేసుకుపోతారు. మొత్తం పదకొండు మంది పిల్లలు. ఆరుగురికి ఇంకా నడక రాలేదు. ఐదుగురికి నడక వచ్చింది గానీ ఆగడం రాలేదు. వీళ్లకి హైమావతి టీచరు, పైడమ్మ ఆయా. పని చక్కగా పంచుకున్నారు. చేసేది పైడమ్మ, చేసినట్టు రాసేది హైమావతి.

ముక్కులు తుడవడం, మూతులు కడగడం, తడిసిన గుడ్డలు మార్చడం, పాలపీకలు వేడినీళ్లలో మరగబెట్టడం, పన్నెండింటికి పప్పన్నం మెత్తగా మెదిపి గోరుముద్దలు పెట్టడం, ఇవన్నీ ఎవరైనా చేస్తారు. పైడమ్మ విద్య ఒంటిగంటకి బయటపడేది. గోడకి చేరబడి కాళ్లు బారచాపుకుని, పసిబిడ్డని ఆ కాళ్లమీద బోర్లా వేసుకుని, వీపు మీద తడుతూ గొంతులోంచి ఓ రాగం తీసేది. దానికి మాటల్లేవు. ‘ఊఁ... ఊఁ...’ అని ఒకటే దారి. అయిదు నిమిషాల్లో కాళ్లమీది బిడ్డ, పది నిమిషాల్లో చీర ఊయలల్లోని బిడ్డలు, పావుగంటలో చాపలమీది బిడ్డలు వరసగా పడిపోయేవారు. ఓసారి గ్యాసు బండ తెచ్చినాయన సంతకం కోసం గుమ్మంలో కూర్చుని మూడింటిదాకా లేవలేదు. ఆ రోజు ఊళ్లో సగం మందికి గ్యాసు అందలేదని చెప్పుకుంటారు.

పైడమ్మ రాగానికి లొంగనివాడు ఒక్కడే, మూడున్నరేళ్ల గవరయ్య. తాత పేరు పెట్టారు గానీ తాత లక్షణం ఒక్కటీ రాలేదు. కళ్లల్లో వత్తులు వేసుకుని పడుకుంటాడు. కదలడు, ఏడవడు, రెప్ప మాత్రం మూయడు. వాడి జోలికి పైడమ్మ వెళ్లేది కాదు. అందరూ పడుకున్నాక కాపలాకి ఒకడుండడం మంచిదే అనేది.

ఇలా సాగుతుండగా మండలి నుంచి ఒక అట్టపెట్టె, ఒక ఉత్తర్వు వచ్చాయి. పెట్టెలో ట్యాబు ఉంది. ఉత్తర్వులో విచారం ఉంది. ‘శిశువునకు అందించు దైనందిన సేవలలో నిద్ర అత్యంత ప్రధానమైనది. అయినను నేటివరకు నిద్రకు సంబంధించి ఎట్టి ఆధారమూ లభ్యము కాకుండుట మిక్కిలి విచారకరము. ఇకమీదట ఆధారము లేని నిద్ర నిద్రగా పరిగణింపబడదు.’ కాబట్టి రోజూ ఒంటిగంటా పదిహేను నిమిషాలకి నిద్రపోతున్న ప్రతి బిడ్డ ముఖాన్నీ ట్యాబులోని ‘నిద్రాదర్శిని’ చేత గుర్తింపజేయాలి. అందరినీ గుర్తిస్తే ఆ వారం పచ్చ వారం. ఒక్కరు తగ్గినా ఎర్ర వారం. మధ్యలో పసుపు పెట్టలేదు, పసుపు అలసత్వానికి దారి తీస్తుందట. ఏడాదిలో మూడు ఎర్ర వారాలు పడిన కేంద్రాన్ని ఎత్తేసి, పిల్లల్ని మండల కేంద్రంలోని పెద్ద కేంద్రంలో కలిపేస్తారు.

ఆ పెద్ద కేంద్రం తొమ్మిది కిలోమీటర్ల అవతల ఉంది. పదకొండింటికి తల్లి పాలివ్వడానికి బయల్దేరితే మళ్లీ మిల్లుకి చేరేది సాయంత్రమే. ఆ మాట మొదట అందిపుచ్చుకున్నది అప్పలనరసమ్మ. ఆవిడ మగ్గాల మీద పనిచేస్తుంది, పదినెలల కూతురు ఉంది. దానికి యోషిత అని రికార్డులో పేరు. ఆ పేరు నోరు తిరగక పైడమ్మ ఏ ఆడపిల్లనైనా పిలిచేట్టు ‘గుంట’ అని సరిపెట్టుకుంటుంది.

"ఈ సెంటరు ఎత్తెస్తే నాను మిల్లు మానుకోవాలి పైడమ్మత్తా," అంది అప్పలనరసమ్మ. పైడమ్మ నవ్వి, పిల్లల్ని నిద్రపుచ్చడమే కదా అడుగుతున్నారు, అంతకంటే మనకి వచ్చిన పనేముంది, నిశ్చింతగా పోయి మగ్గం చూసుకోమని చెప్పి పంపింది.

మర్నాడు ఒంటిగంటంపావుకి గవరయ్య తప్ప పదిమందీ గాఢనిద్రలో ఉన్నారు. హైమావతి మునివేళ్ల మీద నడుస్తూ వెళ్లి మొదటి ఊయల ముందు ట్యాబు పెట్టింది. ‘ముఖము గుర్తించబడలేదు. శిశువు కళ్లు తెరిచి తిన్నగా చూడవలెను’ అని వచ్చింది. రెండో ఊయల దగ్గరా అదే. మూడో ఊయల దగ్గర ఇంకో మాట వచ్చింది: ‘మూడు కళ్లు గుర్తించబడినవి. ఒకటి తొలగించవలెను.’ ఆ పిల్ల నుదుట వాళ్లమ్మ రూపాయంత దిష్టిచుక్క పెట్టింది. హైమావతి కొంగుతో ఆ చుక్క తుడిచేసింది. అప్పుడు ఆ పిల్లా మిగతావాళ్లలాగే గుర్తింపు లేనిదైంది. చివరికి గవరయ్య ముందు పెట్టింది. వాడు ట్యాబుని చూసి నవ్వి రెండుసార్లు కన్నార్పాడు. ట్యాబు గణగణమని మోగింది. ‘అభినందనలు. శిశువు నిద్రించుచున్నాడు.’

హైమావతి సహాయ కేంద్రానికి ఫోను చేసింది. అట్నుంచి ఒకావిడ చాలా మర్యాదగా మాట్లాడింది. కెమెరా ముందున్నది బిడ్డో, బిడ్డ బొమ్మో యంత్రానికి తెలియాలి కదా, అందుకని కళ్లు తెరవాలి, కనీసం రెండుసార్లు ఆర్పాలి అంది. నిద్రపోయేవాళ్లు కళ్లెలా తెరుస్తారండీ అని హైమావతి అడిగితే, అది కేంద్రం స్థాయిలో పరిష్కరించుకోవలసిన విషయమని చెప్పి, తమ సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగింది.

వారం తిరిగేసరికి పర్యవేక్షణాధికారి కూర్మనాథరావు గారు దిగారు. చంకలో ఫైలు, ముఖంలో విధి. ఆయన వచ్చింది ఒంటిగంటన్నరకి. గదిలో పదిమంది పిల్లలు నోళ్లు తెరుచుకుని నిద్రపోతున్నారు. ఆయన వాళ్ల మధ్య నిలబడి ట్యాబు చూశారు.

"ఈ కేంద్రమునందు ఒక్క బాలుడు తప్ప ఎవరూ నిద్రించుట లేదని గమనించడమైనది," అన్నారు గట్టిగా.

పైడమ్మ నోటిమీద వేలేసుకుంది. "నెమ్మదిగా బాబూ. లెగిసిపోతారు."

ఆయన ఉలిక్కిపడి గొంతు తగ్గించారు. మిగతా మందలింపంతా గుసగుసగానే సాగింది. నిర్లక్ష్యమనీ, బాధ్యతారాహిత్యమనీ, శిశువుల పట్ల మమకారం కొరవడిందనీ పైడమ్మ చెవి దగ్గరికి వంగి చెప్పారు. వెళ్తూ వెళ్తూ కాళ్లకడ్డంగా పడుకున్న ఓ నిద్రించని బిడ్డని జాగ్రత్తగా దాటి, మొదటి ఎర్ర వారం రాసి వెళ్లారు. నిద్రపోతున్నవాళ్లు కళ్లెదుట ఉన్నారు కదా బాబూ అంటే, కన్ను మోసం చేస్తుంది, యాప్ చెయ్యదు అన్నారాయన. గడప దాటాక ఆ మాట నచ్చి చిన్న పుస్తకంలో రాసుకున్నారు కూడా.

రెండో వారం హైమావతికి భయం పట్టుకుంది. పాపం ఆవిడ చెడ్డమనిషి కాదు. కేంద్రం పోతే ఆవిడ ఉద్యోగమూ పోతుంది. పిల్లలు నిద్రపోగానే తడిగుడ్డతో మొహాలు తుడిచి లేపి, కళ్లు తెరిచిన క్షణంలో ట్యాబు పెట్టాలని ఎత్తు వేసింది. పైడమ్మ ఆ పని చూడలేక పెరట్లోకి పోయి కూర్చుంది. లోపల ఒకళ్ల తర్వాత ఒకళ్లు గుక్కపెట్టారు. కళ్లు తెరిచిన మాట నిజమే, కానీ యంత్రానికి ఏడుపు కూడా తెలుసు. ‘శిశువు అసంతృప్తితో ఉన్నది. నిద్ర నాణ్యత: హీనము. తిరిగి నిద్రింపజేసి ప్రయత్నించండి.’ రెండో ఎర్ర వారం పడింది. ఇక మిగిలింది ఒక్కటే.

అదే వారం గవరయ్యకి మండలి నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. ‘ఉత్తమ నిద్రా బాలుడు’ అని బంగారు అక్షరాలు. వాళ్లమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వీడు ఇంట్లో కూడా ఒక్క కునుకు తియ్యడు కదా, వేరే గవరయ్యది మాకు ఇచ్చారేమో చూడండమ్మా అంది. కాదని హైమావతి నచ్చజెప్పింది. మిగతా పిల్లలు ఆ బాలుణ్ణి ఆదర్శంగా తీసుకునేట్టు చూడాలని పత్రం అడుగున ఉంది.

పైడమ్మ ఆ అడుగు వాక్యాన్ని రెండుసార్లు చదివించుకుంది. తర్వాత గోడకున్న దినచర్య పట్టిక చదవమంది. తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా ఏముందమ్మా అని అడిగింది. ‘ఇంద్రియ వికాస క్రీడలు’ అని చదివింది హైమావతి. దానికి ఫోటో ఉందా అని అడిగింది పైడమ్మ. లేదు, క్రీడల యాప్ ఇంకా తయారీలో ఉందిట.

"అయితే ఏటి బాధ?" అంది పైడమ్మ. "ఆటల టైముకి పడుకోబెట్టేస్తాను. నిద్ర టైముకి ఆడుకోమందారి. అడిగినోళ్లకి కళ్లు తెరిసి సూపిత్తాం."

హైమావతి నోరు వెళ్లబెట్టింది. కానీ ఆలోచించగా అందులో నిబంధనకి విరుద్ధమైన మాట ఒక్కటీ కనబడలేదు.

ఆ మరుసటి సోమవారం నుంచి బూరెలవలస కేంద్రంలో తొమ్మిదిన్నరకి క్రీడలు మొదలయ్యేవి. అయిదు నిమిషాల్లో గదంతా నిశ్శబ్దం. పదకొండింటికి తల్లులొచ్చేసరికి పిల్లలు కడుపునిండా క్రీడించి, కళ్లు నులుముకుంటూ లేచేవారు. ఒంటిగంటకి చాపలు పరిచి హైమావతి ‘పిల్లలూ, నిద్ర!’ అనేది. అంతే, అందరూ వెల్లకిలా పడుకుని, కళ్లు ఇంతలేసి చేసుకుని, ట్యాబు వైపు చూస్తూ టపటపా రెప్పలాడించేవారు. గవరయ్య వాళ్లకి దగ్గరుండి నేర్పాడు. ఊయలల్లోని పసివాళ్ల ముందు హైమావతి గిలక్కాయ ఆడించేది. ట్యాబు పదకొండుసార్లు గణగణమని మోగేది. తర్వాత రెండున్నరదాకా ఇల్లు పీకి పందిరి వేసేవారు.

దీనికి ఒక్కటే చిక్కు వచ్చింది. ఇళ్లల్లో నాన్నలు పిల్లల్ని పక్కలో వేసుకుని ‘నిద్రపోమ్మా’ అనగానే వాళ్లు ఉలిక్కిపడి కళ్లు పెద్దవి చేసి రెప్పలాడించేవారు. రెండురోజులు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఓ తల్లి విసుగెత్తి ‘పోనీ ఆడుకో’ అంది. పిల్లాడు వెంటనే బోర్లా తిరిగి నిద్రపోయాడు. ఆ కబురు మగ్గం నుంచి మగ్గానికి పాకి, ఊళ్లో అందరూ పిల్లల్ని ‘ఆడుకో’ అని జోకొట్టడం అలవాటు చేసుకున్నారు.

ఆరు వారాలు వరసగా పచ్చ. మండలి లెక్కల్లో బూరెలవలస పిల్లలు జిల్లాకల్లా గొప్ప నిద్రపోతులు. పక్క కేంద్రాల టీచర్లు శిక్షణకి వచ్చారు. హైమావతి వాళ్లకి ‘గాఢనిద్రలో నేత్ర వికాసం’ అని గంటసేపు చెప్పింది. ఆవిడకి మాట్లాడడం వచ్చని ఆవిడకే అప్పుడు తెలిసింది. కూర్మనాథరావు గారి సంబరం చెప్పనలవి కాదు. తన గుసగుస మందలింపు వల్లే ఈ మార్పు వచ్చిందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. మండలి సంచాలకులవారినే తీసుకొచ్చి చూపిస్తానని మాటిచ్చేశారు. ఆదర్శ కేంద్రంగా ప్రకటిస్తారుట.

సంచాలకులవారు వచ్చేది శుక్రవారం ఒంటిగంటకి. కానీ వారి రాక కోసం పొద్దున్న తొమ్మిదింటికే మనుషులు దిగారు. తోరణాలకి మేకులు కొట్టారు, మైకు పెట్టి ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టారు, గోడకి ‘నిశ్శబ్దము పాటించుడు’ అనే బోర్డు ఠపాఠపా బిగించారు. ఆ మోతలో పిల్లలు కన్ను మూసింది లేదు. అందులోనూ యోషితకి పన్నొస్తోంది. ముందురోజు నుంచీ చిగుళ్లు వాచి, ఒళ్లు వెచ్చబడి, వేలు నోట్లో పెట్టుకుని కుయ్యిమంటూనే ఉంది. పదకొండింటికి పాలిచ్చి వెళ్తూ అప్పలనరసమ్మ, ఎంత లేదన్నా ఒక్క కునుకు పట్టేటట్టు చూడత్తా, నీరసించిపోయింది అని చెప్పి మరీ వెళ్లింది.

సంచాలకులవారు పరివారంతో సహా మిల్లు అతిథిగృహంలో భోంచేసి వచ్చారు. పనసపొట్టు కూర, కోడిపులుసు, పెరుగావడలు, ఊరి పేరు నిలబెట్టాలని నాలుగేసి బూరెలు. వారి వెనక కూర్మనాథరావు గారు, క్యాంపు క్లర్కు సి.సి., ఫోటోగ్రాఫరు. గుమ్మంలో అందరూ చెప్పులు విప్పి మునివేళ్ల మీద లోపలికి వచ్చారు.

హైమావతి ‘పిల్లలూ, నిద్ర’ అంది. నలుగురు నడిచే పిల్లలు కళ్లు చేటంత చేసుకుని వారిని చూశారు. గవరయ్య నవ్వుతూ చెయ్యి ఊపాడు. ఊయలల్లోంచి రెండు తలకాయలు బయటికొచ్చి తోరణాల కేసి చూశాయి.

"ఆహా," అన్నారు సంచాలకులవారు గుసగుసగా. "ఎంతటి ప్రశాంతత."

"తమరు మెల్లగా అడుగు వేయవలసిందిగా ప్రార్థన," అన్నారు కూర్మనాథరావు గారు అంతకంటే మెల్లగా. "మెలకువ వచ్చేయగలదు."

ఒక పిల్ల లేచొచ్చి సంచాలకులవారి పంచె అంచు పట్టుకుని లాగింది. ఆయన ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడ్డారు. నిద్రలో నడిచే అలవాటు కాబోలు, హఠాత్తుగా లేపరాదు అని సి.సి. ఆయన చెవిలో చెప్పాడు. పిల్ల విసుగొచ్చి వదిలేసేదాకా నలుగురూ అలాగే ఉన్నారు. హైమావతి ట్యాబు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లింది. గణ, గణ, గణ. మోగినప్పుడల్లా సంచాలకులవారు తల పంకించారు. పదిమంది అయ్యారు.

పదకొండో బిడ్డ పైడమ్మ కాళ్లమీద ఉంది. పైడమ్మ ఏమీ చెయ్యలేదు, రాగం కూడా తియ్యలేదు. నొప్పికి తాళలేక ఏడుస్తున్న పిల్లని బోర్లా వేసుకుని వీపు మీద చెయ్యి ఆన్చింది, అంతే. యోషిత ఒక్క నిట్టూర్పు విడిచి, చొంగ కారుస్తూ ఒళ్లెరగకుండా నిద్రపోయింది. ట్యాబు దాని మొహం చూసి ఎర్రబడింది.

"ఈ శిశువు ఎందుకు నిద్రించుట లేదు?" అని అడిగారు సంచాలకులవారు.

కూర్మనాథరావు గారి చంకలో ఫైలుంది. అందులో రెండు కాగితాలూ తయారుగా ఉన్నాయని హైమావతికి తెలుసు. ఒకటి ఆదర్శ కేంద్రం చేసేది, ఒకటి కేంద్రాన్ని ఎత్తేసేది. ఒక్క బిడ్డ తగ్గినా ఇది మూడో ఎర్ర వారం. ఆయన పైడమ్మ దగ్గరికి వంగి, ఆ శిశువును తక్షణమే నిద్రింపజేయవలెను, అనగా లేపవలెను అని ఆజ్ఞాపించారు. హైమావతి కళ్లనిండా నీళ్లతో చూసింది. ఒక్క నిమిషం పైడమ్మా, మళ్లీ పడుకుంటుంది కదా, అని బతిమాలింది.

పైడమ్మ బిడ్డ మీదికి వంగింది. ఒక్క నిమిషమే. లేపితే కేంద్రం నిలుస్తుంది, అప్పలనరసమ్మ మగ్గం నిలుస్తుంది. లేపకపోతే ఈ పిల్ల రేపట్నించి ఎక్కడుంటుందో తెలియదు. చెయ్యెత్తి బుగ్గ తట్టబోయింది. బుగ్గ ఇంకా వెచ్చగా ఉంది, దాని మీద కన్నీటి చార ఆరలేదు. యోషిత నిద్రలోనే ఆ వేలు దొరకబుచ్చుకుని గట్టిగా పట్టుకుంది. పైడమ్మకి దుఃఖం, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. ముప్ఫై ఒక్క ఏళ్లలో నిద్రపోయే బిడ్డని ఆవిడ ఒక్కనాడూ లేపలేదు.

"నాను పిల్లల్ని పడుకోబెట్టడానికున్నాను బాబూ, లేపడానికి కాదు," అంది. "అదే లెగుస్తాది. తమరు ఒక్క సిటం అలా కూకోండి."

సంచాలకులవారు కూర్చోవాలంటే అక్కడున్నవి జానెడేసి కుర్చీలు. ఒకదాంట్లో కూర్చోబోయి, అది పట్టక, చాప మీద చతికిలబడ్డారు. వారు కూర్చున్నాక మిగతావాళ్లు నిలబడరాదు కాబట్టి అందరూ చాపల మీదికి చేరారు. పైన పంకా కిరకిరమంటోంది. కిటికీలోంచి మిల్లు చప్పుడు ఒకే దరువున వస్తోంది. పిల్ల కదిలింది. పైడమ్మ ఎవరినీ చూడకుండా, వీపు తడుతూ, అలవాటుగా రాగం ఎత్తుకుంది.

‘ఊఁ... ఊఁ...’

సంచాలకులవారు మొదట కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, తిరిగి పెట్టుకోలేదు. గోడకి చేరబడ్డారు. గోడ మీంచి మెల్లగా చాప మీదికి జారారు. సి.సి. ఆయన్ని లేవనెత్తడానికి వంగి, వంగినవాడు వంగినట్టే పక్కన ఒరిగాడు. ఫోటోగ్రాఫరు కెమెరాని కౌగలించుకుని ముడుచుకున్నాడు. కూర్మనాథరావు గారు చాలాసేపు పోరాడారు. విధి ఆయన్ని నిలబెట్టింది, బూరెలు పడగొట్టాయి. పడుతూ పడుతూ ఫైలు తలకింద పెట్టుకున్నారు. ఆరు వారాల తర్వాత మధ్యాహ్నం పూట ఆ రాగం విన్న పిల్లలు కూడా ఆబగా నిద్రపోయారు. గదిలో మెలకువగా మిగిలింది పైడమ్మ, హైమావతి, గవరయ్య.

ఇంతలో ట్యాబు కీచుమనడం మొదలెట్టింది. ‘గదిలో గుర్తించబడని ముఖములున్నవి. వెంటనే నమోదు చేయవలెను.’ నిమిషానికోసారి అరుస్తోంది. వీళ్లు లేస్తే కొంప మునుగుతుందని హైమావతి దాని నోరు మూయించడానికి ఒక్కో పెద్దమనిషి మొహం ముందూ దాన్ని పెట్టింది. పేరు అడిగితే పేరు కొట్టింది, హోదా అడిగితే హోదా కొట్టింది. నలుగురూ అయ్యాక అది శాంతించింది.

మూడింటికి మిల్లు కూత కూసింది. ముందు యోషిత లేచి, కొత్తగా మొలిచిన బియ్యపు గింజంత పన్ను చూపిస్తూ నవ్వింది. తర్వాత సంచాలకులవారు లేచారు. వారి కుడి బుగ్గ మీద చాప అల్లిక అచ్చుగుద్దినట్టు పడింది. చుట్టూ చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఎంతసేపైందని వారు సన్నగా అడిగితే, గంటన్నర దాటింది బాబూ అంది పైడమ్మ. విధి నిర్వహణలో నిద్ర ఎంత పెద్ద నేరమో ఆ గదిలో అందరికంటే వారికే బాగా తెలుసు. దాని మీద ఉత్తర్వు రాసింది వారే.

హైమావతి ఇంక దాచలేక ట్యాబు చేతికిచ్చింది. వారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. ‘సంచాలకులు: నిద్రించలేదు. పర్యవేక్షణాధికారి: నిద్రించలేదు. సి.సి.: నిద్రించలేదు. ఫోటోగ్రాఫరు: నిద్రించలేదు.’

సంచాలకులవారి ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. "యంత్రము అసత్యము పలుకదు," అన్నారు.

"కన్ను మోసం చేస్తుంది, యాప్ చెయ్యదు," అన్నారు కూర్మనాథరావు గారు కళ్లు నులుముకుంటూ.

అందరూ బట్టలు సర్దుకున్నారు. ఫైలు తెరవబోతున్నారు. అప్పుడు పైడమ్మ బిడ్డని భుజాన వేసుకుని లేచి నిలబడింది. గొంతులో కోపం లేదు, అడగవలసింది అడుగుతోంది, అంతే.

"బాబూ, ఈ గుంటా తమరూ ఒకేలాగ కళ్లు మూసుకున్నారు. మిసను తమరిద్దరికీ ఒక్కటే రాసినాది. తమరు ఇంతసేపూ నిద్దరోకుండా ఏటి సేసినారో, ఇదీ అదే సేసినాది. అదేటో తమరే సెప్పండి, ఇద్దరికీ కలిపి రాసుకుంతాం."

సంచాలకులవారు ఆలోచించారు. గంటన్నర పైగా తాము నిద్రపోలేదని రుజువైంది. మరేం చేసినట్టు? గోడకి బిగించిన బోర్డు చూశారు, ట్యాబు చూశారు, భుజం మీంచి తమని చూసి నవ్వుతున్న పంటిని చూశారు.

"పర్యవేక్షణ," అన్నారు చివరికి.

నాలుగు రోజులకి ఉత్తర్వు వచ్చింది. ‘ఒంటిగంట మొదలు రెండున్నర వరకు కేంద్రమునందు కళ్లు మూసుకొని, కదలక, ఊపిరి సమముగా తీయుచున్న వ్యక్తులు, వారు ఏ వయస్సు వారైనను, ఏ హోదా వారైనను, అంతర్ముఖ పర్యవేక్షణలో ఉన్నట్లు పరిగణింపబడుదురు. పర్యవేక్షణలో ఉన్నవారిని ఎట్టి పరిస్థితిలోనూ లేపరాదు. పర్యవేక్షణ జరిగిన దినము పూర్తి పచ్చగా నమోదు కావలెను.’ దాని వెనకాలే ఆదర్శ కేంద్రం పత్రం వచ్చింది. సంచాలకులవారు ఇక మీదట నెలకోసారి స్వయంగా పర్యవేక్షణకి వస్తామని, చాప ఒకటి విడిగా ఉంచమని చేత్తో రాశారు.

పైడమ్మ ఆటల్ని ఆటల వేళకీ, నిద్రని నిద్ర వేళకీ మార్చేసింది. మర్నాడు ఒంటిగంటంపావుకి హైమావతి రిజిస్టరు తీసి రాసుకుంది: పర్యవేక్షణలో ఉన్నవారు పదిమంది, నిద్రలో ఉన్నవారు ఒకరు, గవరయ్య. గవరయ్య ఆవిడ కేసి చూసి రెండుసార్లు కన్నార్పాడు.

మూడింటికి అప్పలనరసమ్మ జుట్టునిండా నారపీచుతో పరిగెత్తుకొచ్చింది. యోషిత ఇంకా కాళ్లమీదే ఉంది, నోరు తెరుచుకుని. గుంట నిద్దరోనాదా అత్తా అని గుమ్మంలోంచే అడిగింది.

"నిద్ర కాదే, పర్యవేచ్చన," అంది పైడమ్మ నోటిమీద వేలేసుకుని. "ఆ బాబులు నలుగురూ సేసిందీ సూసినాను. దీనంత బాగా ఒక్కడూ సెయ్యలేదు. పాలు తరవాత ఇద్దువుగానీ, కూకో."